మొదటి పేరుకు ముందున్నది

అనకాపల్లి,
బుధవారం మధ్యాహ్నం.

అక్కకి,

నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను. ఫోన్‌లో అయితే సగం విని తిట్టడం మొదలుపెడతావని ఈ కాగితం.

ఇక్కడి ఉక్క మన నంద్యాల ఎండలాంటిది కాదు, ఒంటికి అంటుకుని కూర్చుంటుంది. మెస్‌లో పులుసులో కూడా బెల్లమే. ఒక సీసా పప్పులపొడి పంపు, కారం తగ్గించకు. ఆదివారాలే కష్టం. ఆ రోజు నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉండరు.

ఈ ఉద్యోగం కూడా నిలవకపోతే తిరిగొచ్చి బ్యాంకు కోచింగ్‌లో చేరాలన్న నాన్న షరతు, నా తరఫున నువ్వు పడ్డ పూచీ మర్చిపోలేదు. పోయిన వారం పెట్టె సర్దుకునేదాకా వచ్చింది. గండం గడిచింది కాబట్టి చెబుతున్నాను.

మా బెల్లం మండీకి పొద్దున్నే రైతులు దిమ్మలతో వస్తారు. గుమస్తా అప్పారావు గారు వచ్చిన వరుసలో పేర్లు ఫోన్‌లో కొట్టి పంపుతారు. నా ప్రోగ్రాం వాటిని రైతుల జాబితాతో పోల్చి, వేలం వరుసను గోడ మీది టీవీలో చూపిస్తుంది. నేను రాకముందు ఆ పని పలక మీద సుద్దతో జరిగేది.

టీవీ పెట్టిన మొదటి రోజు నుంచీ ఒకటే వింత. అందరికంటే ముందు వచ్చినవాళ్ల పేరే టీవీలో ఉండదు. వాళ్ల సరుకు చివరికి పోతుంది, అప్పటికి కొనేవాళ్లు సగం మంది వెళ్లిపోతారు. మునగపాక నుంచి వచ్చే సత్యవతమ్మ గారు నా బల్ల ముందుకొచ్చి, "అందరికన్నా ముందొచ్చేను. నీ మిషన్‌కి నాను అగపడ్నేదా తల్లీ?" అని అడిగారు.

నాలుగో రోజుకి బళ్లన్నీ గేటు బయటే ఆగిపోయాయి.

"నువ్వెల్లు బావా."

"నానెందుకెల్తాను? ముందెల్లినోడి పేరు టీవీ మింగేత్తంది. నువ్వు పెద్దోడివి కదా, నువ్వెల్లు."

మండీ నడిపే షావుకారు గారు ఆ గేటు చూసి, నన్ను చూసి, "శనారం దాకా సూత్తాను పాపా. అవ్వకపోతే పలకెట్టేద్దాం" అన్నారు. పలక వస్తే నేను ఊరికి వస్తాను.

ఆ మొదటి పేరునే నేను కొడితే టీవీలో వస్తోంది. అప్పారావు గారు పంపితే రావడం లేదు. కంప్యూటర్ కడుపులో అక్షరాలుండవక్కా, అంకెలే. తెలుగు అక్షరం ఒక్కోదానికి మూడేసి. ఆయన పంపిన ఫైలును అంకెల్లో తెరిస్తే, మొదటి అక్షరానికి ముందు 226, 128, 139 అని మూడు అంకెలు అదనంగా ఉన్నాయి. తెర మీద అక్కడ ఏమీ లేదు, ఖాళీ జాగా కూడా లేదు. 'కావాలంటే ఇక్కడ వరుస విరుచుకో' అని యంత్రానికి చెప్పే గుర్తు అది. రూపం లేదు, వెడల్పు లేదు, కానీ అక్షరానికి పట్టేంత చోటు దానికీ పడుతుంది. మన కంటికి అదే పేరు, యంత్రానికి ఎవరో కొత్త మనిషి.

మర్నాడు ఆయన పక్కనే కూర్చున్నాను. బావమరిది రోజూ పంపే శుభోదయం మెసేజ్‌లోంచి 'శ్రీ' తీసి పైన అతికించారు, తర్వాత చెరిపేశారు, ఆ తర్వాత మొదటి పేరు కొట్టారు. శ్రీ పోయింది. దానికి ముందు అంటుకుని వచ్చిన ఆ గుర్తు ఉండిపోయింది.

"శ్రీ సుట్టకుండా కాయితం మొదలెట్టడం మా ఇంటా వంటా నేదమ్మా," అన్నారాయన. "నువ్వొద్దన్నావని సెరిపేత్తన్నాను కదా, ఇంకేటి?"

ఆ గుర్తు సంగతి చెబితే, "కనపడందానికి కూడా అంకెలుంటాయేటి? అయితే తప్పు నాదేనా?" అన్నారు. కాదన్నాను. పోల్చుకోలేని పేరు వస్తే ఎవరికీ చెప్పకుండా వదిలెయ్యమని ప్రోగ్రాంలో రాసింది నేనే. ఇప్పుడు మార్చి రాశాను, అలాంటి గుర్తులను ముందే ఏరేస్తుంది, తెలియని పేరైతే ఎర్రగా చూపిస్తుంది. శ్రీని ఉండనివ్వమన్నాను. ప్రోగ్రాం దాన్నీ పక్కన పెట్టుకుంటుంది.

శనివారం గేటు దగ్గర మళ్లీ అదే తగువు. సత్యవతమ్మ గారు, "మగాలందరూ ఇక్కడే ముసిలోలైపోండి," అని తన బండి లోపలికి తోలించారు. టీవీలో పైన ఆమె పేరు వచ్చింది. ఆమెకి చదువు రాదు, నన్ను చదవమన్నారు. చదివాను. మళ్లీ చదవమన్నారు. రెండోసారి చదివేసరికి వెనక బళ్లన్నీ ఒక్కసారి కదిలాయి.

షావుకారు గారు గుమస్తా వైపు తిరిగి, "అప్పారావూ, ఆ పలక ఇంటికట్టుకుపో, నీ మనవరాలు దిద్దుకుంటాది" అన్నారంతే. నాకు అది చాలు.

అత్తయ్య గారికీ మామయ్య గారికీ నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. అమ్మానాన్నలకు నా తరఫున పాదాభివందనం చేసి దీవెనలు అందుకో. లేచేటప్పుడు నాన్నతో చెప్పు, కోచింగ్‌లో నాకని పట్టి ఉంచిన సీటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని.

నీ పూచీ నిలబెట్టిన చెల్లెలు,
వాణి