పసుపు అంగీ

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ప్రత్యేక రాష్ట్రం సభకని బండి మీద వెళ్లి నువ్వు తిరిగి రాలేదు. ఇవాళ చెల్లె నీ పసుపు ఫుట్‌బాల్ అంగీ తొడుక్కుని, రైళ్లు ఆపడానికి స్టేషన్ ఘన్‌పూర్ పట్టాల మీద కూర్చోడానికి పోయింది. పొద్దు గూకుతోంది. దాని ఫోన్ కలవడం లేదు.

టీవీ వార్తల్లో పోలీసులు లాఠీలతో ఉరుకుతున్నారు. ఆ గుంపులో నేను పసుపు రంగు వెతుకుతున్నాను. నీకు గుర్తుందా, బాపు నీతో కొట్లాడి, నీ ఫుట్‌బాల్ తీయించి మరీ వార్తలు పెట్టించుకునేవాడు. "గంటన్నర ఉరికి ఒక్క గోలు కొట్టరు, గీళ్లకు కూలి ఎవడిస్తడురా?" అనేవాడు. నేను సినిమా పెడితే, మన యాస రౌడీలకే ఇస్తారని నువ్వు అలిగేవాడివి.

ఇవాళ ఆ బాపే అన్నాడు: "గా వార్తలు తీసెయ్ బిడ్డా. అన్న చూసే ఆట పెట్టు."

ప్రపంచ కప్పు నడుస్తోంది. పెట్టాను. కాసేపు చూసి అడిగాడు.

"గీళ్లల్ల మనోళ్లెవలు?"

"పసుపు అంగీలోళ్లు బాపు. అన్న టీము."

"గెలుస్తరా?"

"ఏమో, ఇంకా గోలు పడలే."

బాపు వాకిలి వైపు చూశాడు.

"గెలువకుంటె మానె. గా అంగీలోళ్లకు దెబ్బ తాకకుంటె సాలు."