ప్రమాణం అక్కర్లేని మాట

రాజమ్మా,

నువ్వు పోయి ఈ నెలతో ఏడాది నిండింది. నిన్న సత్యవేడు కోర్టుకు వెళ్లాను. పక్కింటివాళ్ల గట్టు తగాదాలో నేను సాక్షిని.

బోనులో నిలబెట్టి దేవుని మీద ప్రమాణం చేయమన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. పక్కింటివాళ్ల లాయరమ్మ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"ఏం తాతా, అబద్ధం సెప్పేదానికి వచ్చినావా ఏంది?"

"లేదమ్మా. దేవుని పేరు మాత్రం వద్దు."

"అయితే అఫర్మేషన్ సెయ్యి."

"అంటే ఏందమ్మా?"

"దేవుని పేరెత్తకుండా, నిజమే సెప్తానని నీ అంతట నువ్వు గట్టిగా అనడం. ప్రమాణంతో సమానమే."

"వట్టి మాట సాలునా?"

"సాలు తాతా. నీ మాటే గదా కావాల్సింది."

నిజమే చెప్తానని అన్నాను. జడ్జిగారు తలూపి రాసుకున్నారు.

అప్పుడెప్పుడో, నాతో మాటల్లేని మీ అన్న ఇంటికి నువ్వు వెళ్లావని ఎవరో చెబితే, ప్రమాణం చేయించడానికి నిన్ను కాణిపాకం తీసుకెళ్లాను. "నేను పోలేదు. నా మాట నమ్మవా?" అని బస్సులో రెండుసార్లు అడిగావు. నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. కోనేట్లో మునిగి, తడి చీరతో వినాయకుని ముందు నిలబడి ప్రమాణం చేశావు. ఆ తర్వాత నలభై ఏళ్లు వండిపెట్టావు గానీ, పుట్టింటి పేరు ఒక్కసారీ ఎత్తలేదు. నేనూ మళ్లీ దేవుణ్ణి ప్రమాణానికి పిలవలేదు.

నీ చేత ప్రమాణం చేయిస్తానని పదిమందిలో అన్న మాట వెనక్కి తీసుకోలేకపోయాను, అంతే. నువ్వు వెళ్లలేదని, ఆ రోజు బస్సు ఎక్కకముందే నాకు తెలుసు.