పిల్ల బాగుంది

హయలీయా,
అమెరికా, 6 మార్చి 2011

ప్రియమైన ఎవేలియో మామయ్యకు,

నేను మిర్తాని, మీ లాలా అక్క కూతుర్ని. మనం ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. పండగలకి అమ్మ ఫోన్ చేసి నా చేతికిస్తే, "ఊఁ, బాగున్నావా తల్లీ?" అని మీరు, "బాగున్నా మామయ్యా" అని నేను. మనం మాట్లాడుకున్నదంతా కలిపినా కప్పు కాఫీ చల్లారేంతసేపు ఉండదు.

అమ్మ పోయి ఆరు నెలలు. సెప్టెంబరు ఎనిమిదిన, కరిదాద్ మాత పండగనాడు, ఇక్కడి సముద్రం ఒడ్డు చర్చిలో ఆవిడ పేర పూజ పెట్టిస్తున్నాం. ఆవిడ బతుకు గురించి నాలుగు మాటలు చదవమని ఫాదర్ నాకు అప్పజెప్పారు.

నాకు తెలిసిన అమ్మ ఇంతే: బట్టల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు ప్యాంటు జేబులు కుట్టింది. ఒక్కో జేబుకి ఒక్కో జపం చెప్పుకునేది. "ఈ ఊళ్లో సగం మంది మగాళ్లు నా ప్రార్థనలో చేతులు పెట్టుకుని తిరుగుతున్నారే" అని నవ్వేది. నాన్ననీ, నాన్న అమ్మానాన్నల్నీ, నన్నూ ఆ జేబుల మీదే సాకింది. ఆదివారం రెండు బస్సులు మారి చర్చికి వెళ్లేది. పూజ అయ్యాక వెనక గోడ మీద కూర్చుని మీరున్న దక్షిణంవైపు చూసేది. "నీళ్లే కదే లాలా, ఏం చూస్తావ్?" అనేవాడు నాన్న. "నీళ్లే చూస్తున్నా" అనేది.

తొంభై నాలుగులో మీ ఊరికి టికెట్ కొంది. రద్దు చేసుకుంది. నడుంనొప్పి అంది. ఎందుకో నాకు అప్పుడూ నమ్మకం కలగలేదు.

ముప్పై ఆరేళ్లకి ఇక్కడికొచ్చిన మనిషి. అంతకు ముందు ఎలా ఉండేదో మీరే చెప్పాలి. ఇంకొక సంగతి. ఆవిడ పెట్టెలో మీ ఉత్తరాలు రెండు కట్టలున్నాయి. మొదటి కట్ట విప్పాను. ప్రతి ఉత్తరం చివర "పిల్ల బాగుంది" అని ఉంది. ఆ పిల్ల ఎవరు మామయ్యా?

మా వీధి నిల్దా గారు అటు వస్తున్నారు. ఆవిడ చేత కాఫీ పొట్లం, చదువుకునే కళ్లజోడు పంపుతున్నాను.

మీ మేనకోడలు,
మిర్తా

పాల్మా సోలా, క్యూబా
17 ఏప్రిల్

చిరంజీవి మిర్తాకి,

కళ్లజోడు సరిపోయింది. కాఫీ వీధివీధంతా తాగాం.

నాకు రాయడం సరిగా రాదు. నాలుగో తరగతితో ఆపేశాను. ఆ నాలుగు తరగతులూ చదివింది కూడా మీ అమ్మ వల్లే. చెరకు తోటలో గట్టు మీద కూర్చోబెట్టి, మట్టిలో పుల్లతో దిద్దించేది. నేను రాసింది వాన వచ్చి చెరిపేస్తే, "దేవుడు చదివేశాళ్లే, మళ్లీ రాయి" అనేది.

మా ఊళ్లో చర్చి గంట అక్కే కొట్టేది. తరవాత కొత్త సర్కారు వచ్చి ఫాదర్ని పంపేశారు, చర్చి మూసేశారు. అందులో ఎరువు బస్తాలు వేశారు. అక్క మాత్రం ఆదివారం మంచి గౌను వేసుకుని వెళ్లి, మూసిన తలుపు ముందు మెట్టు మీద కాసేపు నిలబడి వచ్చేది. "తలుపు మూశారు గానీ మెట్టు మూయలేదుగా" అనేది. ఆ మాటకి మీ నాన్న ఉద్యోగం పోయింది. అరవై తొమ్మిదిలో వాళ్లకి విమానం దొరికింది. మనిషికి ఒక పెట్టె. అంతకుమించి తీసుకెళ్లనివ్వలేదు.

బస్సు దాకా నేను వెళ్లాను. అక్క ఏడవలేదు. బస్సు కిటికీలోంచి, "ఎవేలియో, పిల్ల జాగ్రత్త" అంది. "ఊఁ" అన్నాను. ఎదురెదురుగా మేం మాట్లాడుకున్నది అదే ఆఖరు.

పిల్ల సంగతి అడిగావు. అది అడగొద్దు తల్లీ. పూజలో చదవడానికి ఇవి చాలవా?

దీవెనలతో,
ఎవేలియో మామయ్య

హయలీయా,
29 మే

ప్రియమైన మామయ్యకు,

చాలవు.

మీరు అడగొద్దన్నారు కాబట్టి మొదటి కట్ట మొత్తం చదివాను. మీరు రాసిన మాటలే ఇక్కడ దించుతున్నాను. "పిల్ల ముందు గదిలోనే ఉంది. ఎవరికీ తెలియదు." "పిల్ల కదలదు, మాట్లాడదు, కళ్లు తెరుచుకునే ఉంటుంది, నీకోసం చూస్తున్నట్టే ఉంటుంది." "నువ్వు పంపిన పచ్చ గౌను సరిగ్గా సరిపోయింది." ఏడాదికొక గౌను. పదహారేళ్లు కొలత మారలేదు.

మామయ్యా, నాకు అక్క ఉందా? ఎదగని పిల్ల, జబ్బు పిల్ల, విమానం ఎక్కనివ్వని పిల్ల? దాన్ని మీ చేతుల్లో పెట్టి వచ్చేసి, ఆ తర్వాత నన్ను కందా? నాకు ఫ్రిల్లు గౌన్లు కుట్టిన చేతులతోనే దానికీ కుట్టి పంపిందా? అందుకేనా టికెట్ రద్దు చేసుకుంది, దాని మొహం చూడలేక?

చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ నా పక్కనే కూర్చునేది. కానీ చూపు మాత్రం కిటికీలోంచి ఎటో వెళ్లేది. ఎవరిని చూస్తోందో అనుకునేదాన్ని. ఇప్పుడు తెలిసింది.

ఫాదర్ పూజ కాగితం మీద ముందే అచ్చు వేయించారు: "విశ్వాసానికీ కుటుంబానికీ అంకితమైన తల్లి." బిడ్డని వదిలేసి వచ్చిన మనిషైతే నేను ఆ మాట పైకి చదవలేను. అబద్ధం చదవడం ఆవిడ నాకు నేర్పలేదు. ఆ పిల్ల బతికుంటే నేను వచ్చి తీసుకెళ్తాను. పోయి ఉంటే ఎక్కడ పూడ్చారో చెప్పండి. మీరు చెప్పేదాకా ఒక్క ముక్క రాయను.

మిర్తా

పాల్మా సోలా,
3 జులై

బంగారు తల్లి మిర్తాకి,

నీ ఉత్తరం చదివి నాకు రెండు రోజులు అన్నం దిగలేదు. నీకు అక్క లేదు. మీ అమ్మకి నువ్వొక్కతివే. ప్రమాణం చేసి చెబుతున్నాను.

పిల్ల అంటే మా చర్చిలోని కరిదాద్ మాత. చెక్క బొమ్మ. జానెడున్నర ఉంటుంది. ఎరువు బస్తాలు రాకముందే అక్కా నేనూ వెళ్లి మొక్కజొన్న ఆకుల మోపులో పెట్టి తెచ్చాం. ఆ రోజుల్లో ఉత్తరాలు విప్పి చదివేవాళ్లు. అందుకని అక్క "పిల్ల" అని పేరు పెట్టింది. వాళ్లంతా పోయారు, ఎవరూ విప్పడం లేదు, నేను మాత్రం ఇంకా పిల్ల అనే అంటున్నాను. అలవాటు.

ముందు గదిలో పాత రేడియో ఉండేది, బీరువాలాంటిది. లోపలి సామానంతా తీసేసి అందులో పెట్టాను. ఎవరింట్లో ఏం జరుగుతోందో సర్కారుకి చెప్పే మా వీధి కమిటీ పెద్ద ఒఫేలియా రోజూ వచ్చి దాని మీద మోచెయ్యి ఆనించి కాఫీ తాగేది.

"ఎవేలియో, ఈ రేడియో ఎప్పుడు పాడుతుందయ్యా?"

"పాడదు. వింటుంది" అనేవాణ్ణి. మరో మాట తోచేది కాదు.

ఇక నేను దాచిన సంగతి. ఎనభై అయిదు నవంబరులో తుఫాను వచ్చింది. పొద్దున ఏరు పొంగి ఇంట్లోకి వచ్చేసింది. నేను దూలం పట్టుకుని ఉన్నాను. రేడియో తలుపు దానంతటదే తెరుచుకుంది. పిల్ల బయటికొచ్చింది. పడుకుని కాదు, నిలబడే తేలింది. గుమ్మం దాటింది. చెరకు తోటంతా తెల్లటి నీళ్లు, మధ్యలో పచ్చ గౌను, నెమ్మదిగా, నడిచి వెళ్తున్నట్టే. పూర్వం ఆ తల్లి మొదట దొరికిందే సముద్రం మీద తేలుతూ, పడవలో వెళ్లే ముగ్గురికి. గౌను అంచు కూడా తడవలేదంటారు. అలా వచ్చింది, ఇలా వెళ్లింది. నేను కదల్లేదు. కదలాల్సింది.

నెల తిరక్కుండా అక్క పంపిన గౌను వచ్చింది. తొడగడానికి పిల్ల లేదు. మంచం మీద పరుచుకుని చూస్తున్నాను. అప్పుడే ఒఫేలియా వచ్చింది. మనవరాలు యుసిమీ పుట్టి పది రోజులు.

"మీ అక్క పంపే గౌన్లున్నాయే, ఒకటివ్వు. పిల్లకి పక్క ఊళ్లో జ్ఞానస్నానం. నోరు జారావో చంపేస్తా."

"ఏ గౌన్లు?" అన్నాను.

"చాల్లే. రేడియో ముందు టోపీ తీసే మగాణ్ణి ఇంకెక్కడా చూళ్లేదు నేను. పదహారేళ్లు నీ కాఫీ తాగి నోరు మూసుకున్నా. ఇస్తావా, ఇవ్వవా?"

ఇచ్చాను. బిడ్డకి చంకల దగ్గర పట్టేసింది. అక్కకి రాశాను: "గౌను పిల్లకి బిగుతైంది." అబద్ధం కాదు, నిజమూ కాదు. పిల్ల పోయిందని రాయడానికి చెయ్యి ఆడలేదు. దానిమీదే ఆవిడ అక్కడ బతుకుతోందనుకున్నాను.

ఆ తర్వాత అక్క ఏటా కొలత అడిగేది. వయసొచ్చి మరిచిపోతోంది పాపం అనుకుని, ఊళ్లో పుట్టిన ఏదో ఒక పిల్లకి దారం చుట్టి, కొలతకి రెండు ముళ్లు వేసి పంపేవాణ్ణి. వచ్చిన గౌను ఆ పిల్లకే తొడిగేవాళ్లు. ఇరవై అయిదేళ్లు.

ఆవిణ్ణి మోసం చేసింది నేను. ఆవిడ ఎవర్నీ వదల్లేదు. నన్ను ఏమన్నా అను, పూజలో మీ అమ్మ గురించి చదువు తల్లీ.

ఎవేలియో

హయలీయా,
14 ఆగస్టు

మా మామయ్యకు,

ఇక "మీరు" అనలేను. నువ్వు.

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. నవ్వానో ఏడ్చానో, మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. నా అక్క చెక్క బొమ్మ అని చెప్పా. వేడినీళ్లు తెచ్చిచ్చాడు పాపం.

తరవాత రెండో కట్ట విప్పాను. ప్రతి ఉత్తరంలోనూ నీ దారం. రెండు ముళ్లు, చుట్టూ నీ వేళ్ల పొగాకు వాసన. అన్నీ బల్ల మీద వరసగా పరిచాను. ఏ రెండూ ఒకలా లేవు. వాటి అడుగున అమ్మ కుట్టుపని నోటుబుక్కు ఉంది. ఎనభై ఆరు జనవరి పేజీలో అమ్మ రాసుకున్నది నీకు దించుతున్నాను. కూర్చుని చదువు.

"ఎవేలియో ఉత్తరం. గౌను బిగుతైందట. చెక్క ఎదగదు. తుఫాను తీసుకెళ్లి ఉంటుంది. వాడు చెప్పలేదు, చెప్పలేడు. నేనూ అడగను. అక్కడ ఎవరి బిడ్డో నా గౌను తొడుక్కుంది. కరిదాద్ తల్లి వెళ్తూ వెళ్తూ పని చెప్పి వెళ్లినట్టుంది. ఈ ఏడు నుంచి నెలబిడ్డ కొలత, బొత్తాలు వెనక కాదు, భుజం మీద."

మామయ్యా, ఆవిడకి మొదటి నెల నుంచీ తెలుసు.

తొంభై నాలుగు పేజీ కూడా చెప్పాలి. చెప్పకుండా ఉందామనుకున్నాను, కానీ మన ఇంట్లో దాచడం ఇక చాలు. "టికెట్ వాపసు ఇచ్చాను. వెళ్తే వాడు నాకు ఖాళీ రేడియో చూపించాల్సి వస్తుంది. వాడి మొహం అప్పుడెలా ఉంటుందో నాకు తెలుసు. చూడలేను."

అదీ కిటికీలోంచి ఆవిడ చూసేది. నిన్నే.

ఎనిమిదో తారీకున పూజ పదింటికి. ఏం చదవాలో ఇప్పుడు తెలుసు. రేడియో దగ్గర మొదలుపెడతాను. నాకు బొత్తాం కుట్టడం కూడా రాదు గానీ, ఆవిడ మిషన్ మాత్రం మా ఇంట్లోనే ఉంది.

నీ మిర్తా

పాల్మా సోలా,
8 సెప్టెంబరు

మా లాలా కూతురికి,

ఇవాళే ఎనిమిది. పదవుతోంది. నువ్వు ఈపాటికి చదువుతుంటావు. నేను ముందు గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇక్కడా అక్కడా ఒకే నీళ్లు, వినపడుతుందేమో అని తలుపు తీసి పెట్టాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ తొంభై నాలుగు పేజీ దగ్గర ప్రతిసారీ కళ్లజోడు తీయాల్సి వచ్చింది. "పిల్ల పోయింది." రెండు మాటలు. అవి రాసి ఉంటే అక్క వచ్చేది. నా చేతి వంట తినేది. నేను రాయలేదు. ఆవిడ అడగలేదు. ఇద్దరం ఒకళ్లనొకళ్లు కాపాడుకుంటూ కూర్చున్నాం. ఎంత తెలివితక్కువ వాళ్లం తల్లీ.

నిన్న మధ్యాహ్నం ఊగుడు కుర్చీలో కునుకు పట్టింది. చెరకు తోట నిండా నీళ్లు. పచ్చ గౌను నడిచొస్తోంది. పిల్ల తిరిగొచ్చిందనుకున్నాను. దగ్గరికొస్తే అక్క. మెడలో కొలత టేపు. కాళ్లు తడవలేదు. గుమ్మంలో నిలబడి, "టోపీ తియ్యరా" అంది. తీశాను. మెలకువ వచ్చేసరికి టోపీ నిజంగానే నా చేతిలో ఉంది.

పొద్దున యుసిమీ వచ్చింది. ఆ మొదటి గౌను తొడుక్కున్న పిల్ల, దానికిప్పుడు ఇరవై అయిదు. చంకలో కూతురు, పుట్టి పన్నెండు రోజులు. "తాతా, దారం తియ్యి" అంది.

"గౌను కుట్టే మనిషి లేదమ్మా ఇప్పుడు."

"ఉందని నీ మొహమే చెబుతోంది. తియ్యి."

తీశాను. ఈ ఉత్తరంలోనే పెట్టాను, చూసుకో, పారేసేవు. పేరు ఇంకా పెట్టలేదట. నన్నే ఏదన్నా పేరు చెప్పమంది. నాకు ఒక పేరే తెలుసు, సిగ్గుపడి చెప్పలేదు. నువ్వు చెప్పు.

గౌను వంకరగా వచ్చినా ఫరవాలేదు. ఈ పిల్ల కదులుతుంది, ఊరెగిరిపోయేలా అరుస్తుంది. వంకర ఎవరికీ కనపడదు. ఇంకొకళ్ల చేత మాత్రం పంపకు. నువ్వే తీసుకురా. రేడియో తలుపు తెరిచి నీకు చూపిస్తాను. లోపల ఏమీ లేదు. పచ్చ దారం పోగొకటి మేకుని పట్టుకుని ఉంది, అంతే.

పిల్ల బాగుంది.

ఎవేలియో మామయ్య