దొర బండి చక్రాలు

అనకాపల్లి,
డిసెంబరు, 2005.

చిరంజీవి నానాజీకి,

మీ వదిన సూర్యకళ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ లావణ్యా కులాసా. మీ అన్నయ్య కూడా వేళకింత తింటున్నారు, తిరుగుతున్నారు. పఠాన్‌కోట్‌లో చలి ఎక్కువగా ఉందని రాశావు. మిలిటరీ వర్క్‌షాపులో ఇనుముతో పని, చేతులు జాగ్రత్త.

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని కోపంగా ఉండి ఉంటావు. కాగితం ముందు కూర్చోవడం, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోవడం, ఇదే సరిపోయింది.

లావణ్య చదువు ఎలా ఉందని అడిగావు. కాలేజీ మానకుండా వెళుతోంది. నువ్వు పంపిన ఉన్ని స్వెటరు ఇక్కడి ఎండకి వేసుకోలేదు, పెట్టెలో దాచలేదు. బస్సులో చేతిమీద వేసుకుని తిరుగుతోంది, మా చిన్నాన్న పంపేడని అందరికీ చెప్పుకోవడానికి. చెరుకు నరకడం పోయిన నెలలోనే మొదలైంది. మునగపాకలో మన చేను కూడా కోతకి వచ్చింది.

నువ్వు పార్సిల్ చేసిన చక్రాలు అందాయి. స్టేషన్ నుంచి ఆటోలో తెచ్చి గోనెలు విప్పితే షెడ్డంతా తళతళలాడింది. "అన్నయ్య ఏవి వేశాడు, కొత్తవా, పాతవా?" అని రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. పాతవే వేశారు.

మావయ్యగారు విశాఖలో దొరకి డ్రైవరుగా చేసినన్నాళ్ళూ తుడిచిన కారు అది. దొర ఓడెక్కిపోతూ ఆయనకే ఇచ్చేసి వెళ్ళాడు. ఆ ఎర్ర రెండు సీట్ల బండంటే మీ అన్నదమ్ములిద్దరికీ ఎంత ప్రాణమో నాకు తెలుసు. పరుగుపందాలకని ఇంగ్లాండులో చేసిన బండి, ఆ వేగానికి తుప్పు పట్టిన స్పోకుల చక్రాలు ఆగవు, కొత్త అల్లాయ్ చక్రాలైతే హైవే మీద కూడా భయముండదు అని నువ్వు రాసిందంతా ఆయనకి చదివి వినిపించాను.

"దొర బండికి దొర సక్రాలే అందం. ఆడికేటి తెలుసు," అన్నారు.

నేను నవ్వి ఊరుకున్నాను. మన లేత్ షాపు పనంతా పనివాడు కన్నబాబుకి వదిలేసి, షెడ్డులో గోనె పరుచుకుని కూర్చునేవారు. చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్కో స్పోకునీ బొటనవేలితో తడిమి, వదులైనవి బిగించేవారు. ముచ్చట కొద్దీ చేస్తున్నారనుకున్నాను.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న, "తుమ్మపాల దాకా ఎల్లొద్దాం, రా," అన్నారు. పెళ్ళయిన కొత్తలో అలాగే తిప్పేవారు. చీర మార్చుకుని ఎక్కాను. బండి బాగానే నడిచింది. ఆయన మొహంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్ళయిందో! ఊరు దాటాక, ఫ్యాక్టరీకి వెళ్ళే చెరుకు ట్రాక్టరు ఎడమపక్కన ఆగి ఉంది. గడల చివళ్ళు రోడ్డు మీదికి పొడుచుకొచ్చాయి. ఇప్పుడు తగ్గిస్తారు, ఇప్పుడు తగ్గిస్తారు అని చూస్తున్నాను. ఆయన తగ్గించలేదు.

"ఏటండీ, టాక్టరు!" అని అరిచాను.

"ఏదే? ఎక్కడే?"

స్టీరింగు పట్టుకుని కుడివైపుకి తోసేశాను. బండి రోడ్డు దాటి కల్వర్టు రాయికి గుద్దుకుంది. ముందు చక్రం మడతపడిపోయింది. స్పోకులు చీపురుపుల్లల్లా విరిగిపోయాయి. ఆయన నుదురు చిట్లింది, నా మణికట్టు బెణికింది.

ట్రాక్టరు నడిపే ఎర్రయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఇంత బండి కనబడనేదేటి బావూ? కళ్ళెక్కడెట్టుకున్నావు?"

మీ అన్నయ్య కారే నెత్తురు కూడా తుడుచుకోకుండా నావైపు తిరిగారు.

"కనబడనేదు," అన్నారు. "నిజింగానే కనబడనేదే."

ఇన్నాళ్ళూ నీకు రాయలేకపోయింది ఇదే నానాజీ. మీ అన్నయ్యకి చూపు పోతోంది. విశాఖ తీసుకెళ్ళి చూపించాను. నీటికాసులన్నారు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నంత మేరే కనిపిస్తుందట, పక్కలంతా చీకటేనట. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది నిలుపుకోవడానికి చుక్కలు వేసుకోవాలి. ఏడాది పైనుంచీ తేడా తెలుస్తూనే ఉందట. లేత్ పని కన్నబాబుకి వదిలేసింది అందుకే.

తిరిగి వస్తూ బస్సులో అడిగాను. "తెలిసీ ఆ పాతవే ఎందుకేసేరు?"

"కొత్తవాటికి సక్రం బిగించే హబ్బులు మార్చాలి. కొలతలు సూడాలి. ఆ సన్న గీతలు నాకు కనబడవు. పాతవైతే సెయ్యెడితే సాలు, ఏదెక్కడో తెలిసిపోతాది." మళ్ళీ ఆయనే, "ఒక్కపాలి నడిపి మానేద్దామనుకున్నాను. నువ్వు పక్కనుంటే సెప్తావులే అనుకున్నాను," అన్నారు.

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అంతమందిలో ఏదీ చేతకాక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇప్పుడు బండి షెడ్డులో ఇటుకల మీద ఉంది. ఆయన ఆ తలుపు తీయడం లేదు. నీకు రాస్తున్నానని నిన్న చెప్పాను. వద్దంటారనుకున్నాను.

"కొత్తవి ఎయ్యమని రాయి," అన్నారు. "ఆడు నడుపుతాడు."

"మరి పాతవి?"

"తీసెయ్యమను. నాకు సూపించక్కర్నేదు."

సెలవు దొరకగానే రా. ఆయన్ని అలా మునగపాక వైపు తిప్పి తీసుకురా. బండి దగ్గరికి వచ్చినప్పుడు అలవాటు కొద్దీ స్టీరింగు వైపుకే నడుస్తారు. తలుపు మీద చెయ్యి కూడా వేస్తారు. నువ్వు ముందే ఎక్కి కూర్చోకు. చెయ్యి పట్టుకుని మళ్ళించకు. ఆయనంతట ఆయనే రెండో పక్కకి వచ్చేదాకా, ఎంతసేపైనా సరే, ఆగు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
మీ వదిన,
సూర్యకళ.