దుప్పటికి అవతలి మూలలు

జూన్ 14, ఆదివారం

ప్రియమైన చెల్లికి,

మీ అక్క దీవెనలు. ముందు క్షేమం రాయడం మర్యాద కాబట్టి, ఇక్కడ అందరం క్షేమం. మీ బావగారి దగ్గు మామూలే. మరిదీ పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. మీరు ఊరు మారాక ఏడాదిగా మనకు మాటల్లేవు. ఎవరిది తప్పో తేల్చడానికి కాదు ఈ ఉత్తరం. తేలినా ఇప్పుడు ఒరిగేదేమీ లేదు.

మొన్న మనిద్దరం కలిసి పనిచేసిన మన ఆసుపత్రి లాండ్రీకి ట్రైనింగ్ ఇస్తానంటూ ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ బల్లల మధ్య బోర్డు నిలబెట్టి, గ్రూపు అని ఒకవైపు, టీము అని ఒకవైపు రాసి, తేడా చెప్పమన్నాడు. చివరికి ఆయనే చెప్పాడు. ఒకచోట చేరి ఎవరి పని వాళ్లు చేసుకుంటే గ్రూపట. ఒకరు మొదలుపెట్టిన పని ఇంకొకరి చేతిలో పూర్తయితే టీమట. ఆయన ఫుట్‌బాల్ అనీ అదనీ ఇదనీ చెప్పుకుపోతున్నాడు గానీ, నాకు మన దుప్పటే గుర్తొచ్చింది.

నీ చేతిలో రెండు మూలలు, నా చేతిలో రెండు. విదిలించి, బిగించి లాగి, ఎదురెదురుగా నడిచొచ్చేవాళ్లం. నీ మూలలు నా చేతిలో పెట్టి, నువ్వు వంగి కింది మడత అందుకునేదానివి. అత్తగారి మీది కోపమంతా ఆ విదిలింపులోనే పోయేది. తోడికోడళ్లం మనిద్దరికీ ఇంట్లో మాటల్లేని రోజుల్లో కూడా మడత వంకర పోలేదు. అది తలుచుకుంటే ఏడుపొస్తుంది, నీ దగ్గర దాచడమెందుకు.

ఇప్పుడున్నవాళ్లు ఉత్త గ్రూపు. టీ వేళకు మాత్రం అందరూ ఒక్కటే. అందులో ఒక వాగుడుకాయ ఉంది. నోరు ఆడినట్టు చెయ్యి ఆడితే ఆసుపత్రి మొత్తానికి అదొక్కతే చాలు.

ఇరవై రెండో తారీకు నుంచి మడతల మెషిన్లు వస్తున్నాయి. మనిషికొకటి. ఒక్కరే నిలబడి, రెండు చేతులతో రెండు మూలలూ పైకెత్తి దానికి అందించాలి. మంచిదే, ఎదుటి మనిషి కోసం చూసే బాధ తప్పుతుంది. నా గురించి బెంగ పెట్టుకోకు. తీరికైతే జవాబు రాయి.

నీ మీద కోపం ఎప్పుడో మరిచిపోయిన
అక్క

తా.క. ఈ ముక్క ఆవిడ చెప్పింది కాదండీ. ఆవిడ చెబుతుంటే ఉత్తరమంతా రాసింది నేనే, ఆ వాగుడుకాయని. నన్నన్న మాట కూడా మార్చలేదు. నెల రోజులుగా ఆవిడ కుడి చెయ్యి పైకి లేవడం లేదు. పక్షవాతమన్నారు. ఆ జీతమే ఇంటికి ఆధారం కదా, ఎవరికీ చెప్పొద్దని, ముఖ్యంగా మీకు చెప్పొద్దని మా చేత ఒట్టు వేయించుకుంది. సూపర్‌వైజర్ కంట పడకుండా ఆవిడ పట్టాల్సిన మూలను మాలో ఎవరో ఒకరం పడుతున్నాం. మెషిన్ దగ్గర అలా కుదరదు. ఇరవై రెండున సంగతి బయటపడుతుంది, ఇంటికి పంపేస్తారు. ఆ సాయంత్రం ఆవిడ గేటు దాటి వచ్చేసరికి మీరు బయట ఉండండి. మేమూ ఉంటాం. కానీ ఆవిడ కళ్లు వెతికేది మిమ్మల్నే.