మూడో అంతస్తు, కుడివైపు తలుపు

మోర్స్ దీవి,
జులై 16, 1973

ప్రెబెన్‌కు,
ఆశీర్వదించే ఉద్దేశం ప్రస్తుతానికి లేని మీ బాబాయి థోర్కిల్ రాయునది.

నిన్న సాయంత్రం ఇల్లు చేరాము. ఆవులు బాగున్నాయి. మేము బాగాలేము.

పెళ్ళయిన ఇన్నేళ్ళకు మీ పిన్నిని మొదటిసారి కోపెన్‌హేగన్ తీసుకువెళ్ళాను. హోటల్లో దిగుతామంటే వద్దన్నది నువ్వే. "నా ఇల్లుండగా హోటలేమిటి బాబాయ్, ఆ వారం నేను ఎల్సెతో కలిసి కాబోయే అత్తవారి ఊరు వెళ్తున్నాను, ఇల్లు ఖాళీయే, అన్నీ అమర్చి వెళ్తాను" అని రాశావు. ఎంత అమర్చావో చెబుతాను విను. వంటింట్లో ఒక సీసాడు బీట్‌రూట్ ముక్కలు, మీసాలు మొలిచిన చీజ్. మంచం ఒక్కరికే చాలుతుంది. ఉన్నన్ని రాత్రులూ దాని అంచు మీద, దండెం మీద ఆరేసిన కోటులా వేలాడాను. జులైలో మా ఊళ్ళోనూ రాత్రిళ్ళు సరిగా చీకటి పడదు, కాని మా కిటికీలకు తెరలుంటాయి.

స్నానాల గదిలో తాబేలు ఉందని ఒక్క ముక్కయినా రాయలేదు. కాళ్ళు తుడుచుకునే పీట అనుకుని దాని మీద నిలబడ్డాను. అది నడిచింది.

దాని పైన తాడు మీద ఆడవాళ్ళ మేజోళ్ళు, లోపలి బట్టలు ఆరేసి ఉన్నాయి. అవి ఎల్సెవి కావు. ఎల్సెను నేను క్రిస్మస్‌కు చూశాను. ఆ పిల్ల కాళ్ళు రెండూ ఆ మేజోళ్ళలో ఒక్కదాంట్లో పడతాయి.

అయినా చూస్తూ ఊరుకోలేక కారుతున్న కుళాయి బాగుచేశాను. పట్టేసిన తలుపును చిత్రిక పట్టాను. గోడ మీద బట్టల్లేని ఆడమనిషి బొమ్మ ఉంటే దాన్ని గోడవైపు తిప్పాను. మీ పిన్ని ఇల్లంతా కడిగింది. పోయిన అన్నయ్య ముఖం చూసి నీకు ఇంతకంటే రాయను. మిగతాది మీ అమ్మకు రాస్తున్నాను.

ఇట్లు,
నడుము పట్టేసిన
బాబాయి

తా.క.: బాబాయి కవరు అంటించేలోపు రాస్తున్నాను నాయనా. మేజోళ్ళకు చిల్లులుంటే కుట్టి పెట్టాను. ఎవరివైనా కానీ, పడుకున్న ఇంటికి ఏదో ఒకటి చేయాలి కదా. మీ బాబాయి అన్నీ రాశాడు కాని, నేను రేవు గట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని ఐస్‌క్రీమ్ తిన్నానని రాయలేదు. రెండుసార్లు తిన్నాను. – డాగ్నీ పిన్ని

*

కోపెన్‌హేగన్,
జులై 20

బాబాయికి,
ప్రెబెన్ నమస్కరించి రాయునది. ఈ నమస్కారం చిన్నప్పుడు మీరు నేర్పిన మర్యాద కొద్దీ పెడుతున్నది.

మీ ఉత్తరం కంటే ముందు నా ఇల్లే నాకు అంతా చెప్పింది. మీకోసం ఎల్సె స్వయంగా చేసిన స్ట్రాబెర్రీ కేకు కత్తి పడకుండా అలాగే ఉంది. బూజు పట్టి పిల్లిపిల్లలా తయారైంది. మీకని కొన్న కొత్త దుప్పట్ల మడత విప్పలేదు. బీరు సీసాలు పెట్టినవి పెట్టినట్టే వరసగా నిలబడి ఉన్నాయి. బాబాయ్, ఇంట్లో బీరు మిగిలిందంటే ఆ ఇంట్లో మీరు లేరనే అర్థం.

మీరు హోటల్లో దిగారు. మా ఇల్లు మీకు ఆనలేదు. ఆ మాట నా ముఖాన చెప్పొచ్చు, పడతాను. దానికి తాబేలు కథ దేనికి? నాకు తాబేలు లేదు. ఉండి ఉంటే, మీరు ఎక్కి నిలబడ్డాక ఇప్పుడు ఉండేది కాదు. ఆడవాళ్ళ మేజోళ్ళ సంగతి ఎల్సె చెవిన పడితే ఏమవుతుందో ఒక్క క్షణమైనా ఆలోచించారా? ఇక కుళాయి బాగుచేశానన్నారు. ఇది రాస్తుంటే కూడా అది నా వెనకాల కారుతూనే ఉంది.

ఇట్లు,
కేకు పారబోసి వచ్చిన
ప్రెబెన్

తా.క.: పిన్నీ, నీ ఐస్‌క్రీమ్ సంగతి నమ్ముతున్నాను. ఆ ఉత్తరం మొత్తంలో నమ్మదగ్గది అదొక్కటే.

*

మోర్స్ దీవి,
జులై 25

మహారాజశ్రీ ప్రెబెన్ లౌర్సెన్ గారికి,
ఇకమీదట ఇలాగే రాస్తాను. నన్ను అబద్ధాలకోరు అన్నవాడిని చిరంజీవి అనడానికి చెయ్యి రావడం లేదు.

తమరు చెప్పిన వీధి. తమరు చెప్పిన మూడో అంతస్తు. మెట్లకు కుడివైపు తలుపు, దాని మీద లౌర్సెన్ అని ఇంటిపేరు, కాలిపట్టా కింద తాళంచెవి. ఇందులో నేను తప్పింది ఎక్కడ? మూడు దాకా లెక్కపెట్టడం రాదంటారా నాకు? తాబేలు లేదట. ఆ తాబేలుకు నా చేత్తో ఆకుకూర పెట్టాను. మొదట్లో నన్ను చూస్తే తల లోపలికి లాక్కునేది, మేము తిరిగి వచ్చేసే రోజుకు చనువు పెరిగి వేలు కొరికింది. కట్టు ఇంకా ఉంది. తమరెరిగిన హోటళ్ళలో తాబేళ్ళు కరుస్తాయేమో, నేనెరగను.

మీ నాన్న పోయిన రోజు నీ చెయ్యి పట్టుకుని చర్చి మెట్లు దింపింది నేను. నువ్వు ఆ రోజు నా కోటు అంచు వదల్లేదు. అలాంటివాడు ఇవాళ నన్ను ఇంత మాట అంటాడా?

ఆగస్టులో తమరి పెళ్ళికి మేము రావడం లేదు. విందు కోసమని మేపుతున్న పందికి ఇవాళ్టి నుంచి అభయం ఇచ్చాను.

ఇట్లు,
తమ విధేయుడు కాని
థోర్కిల్ లౌర్సెన్

తా.క.: వేలి గాయం నిజం ప్రెబెన్, కట్టు కట్టింది నేనే. నీ కేకూ నిజమే అయ్యుంటుంది. ఇంకో ఉత్తరం రాసేముందు కాస్త ఆగు. – పిన్ని

*

కోపెన్‌హేగన్,
జులై 30

బాబాయికి,
నమస్కారం లేదు.

మీరు అమ్మకు రాసిన ఉత్తరం బాగా పనిచేసింది. అమ్మ అది చదివి, వెంటనే ఎల్సె వాళ్ళమ్మకు ఫోన్ చేసి మా అబ్బాయిని క్షమించండి అందట. దేనికి క్షమించాలో వాళ్ళకు అప్పటిదాకా తెలీదు. అప్పుడు తెలిసింది.

మొన్న ఎల్సె వచ్చి బల్ల మీద ఉంగరం పెట్టింది.

"ఎవరామె?" అంది.

"ఎవరూ లేరు" అన్నాను.

"మరి ఆ మేజోళ్ళు ఎవరివి?"

"మేజోళ్ళూ లేవు. మా బాబాయి అబద్ధం చెప్పాడు."

"మీ బాబాయికి అబద్ధం అల్లేంత తెలివి లేదు" అంది.

అక్కడ నేను తడుముకున్నాను. ఎందుకంటే అది నాకూ తెలిసిన విషయమే. నేను తడుముకోవడం చూసి ఆమె లేచి స్నానాల గది వెతికింది. తొట్టి కింద కూడా చూసింది. "తాబేలును కూడా ఎక్కడో దాచేశావు" అని ఏడ్చి వెళ్ళిపోయింది.

మీ పందిని నిశ్చింతగా ముసలిదవనివ్వండి. పెళ్ళి లేదు.

ఇట్లు,
ఒంటరిగా మిగిలిన
ప్రెబెన్

తా.క.: ఎదురింటాయన కూడా నన్ను పలకరించడం మానేశాడు. అమ్మ వాళ్ళావిడకు కూడా ఫోన్ చేసినట్టుంది.

*

మోర్స్ దీవి,
ఆగస్టు 3

చిరంజీవి ప్రెబెన్‌కు,
డాగ్నీ పిన్ని ముద్దు పెట్టి రాయునది.

ఈ ఉత్తరం సంగతి మీ బాబాయికి తెలీదు. గడ్డి కోతకు వెళ్ళాడు. తొందరగా రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకో.

ఇది చదవగానే వెళ్ళి ఎల్సె చెయ్యి పట్టుకుని తీసుకురా. రానంటే బతిమాలు. ఇద్దరూ కలిసి మీ గుమ్మం ముందునుంచి ఒక్క అంతస్తు కిందికి దిగి, కుడివైపు తలుపు తట్టండి. తాబేలు అక్కడుంది. మేజోళ్ళ మనిషీ అక్కడే ఉంది. పేరు రిగ్మోర్ లౌర్సెన్, నార్వే వెళ్ళే ఓడలో వంటావిడ. ఎప్పుడూ సముద్రం మీదే ఉంటుంది కాబట్టి నువ్వు చూసి ఉండవు.

వీధి మీదున్న కొట్టును మీ బాబాయి ఒకటో అంతస్తు కింద లెక్కవేశాడు నాయనా. మా ఇళ్ళకు అంతస్తులెక్కడివి, ఆయన నేర్చుకోవడానికి? మీ పట్నంలో రెండోది అనేదే ఆయనకు మూడోది.

నాకెలా తెలుసంటావా. మేము వచ్చిన మర్నాడు, మీ బాబాయి గడ్డం గీసుకుంటుండగా ఒక ముసలావిడ చేతిలో ఆకుకూరతో తలుపు తట్టింది.

"తాబేలుకు పెట్టమని రిగ్మోర్ చెప్పి వెళ్ళింది. మీరు చుట్టాలా?" అంది.

"మేం లౌర్సెన్‌లమండీ" అన్నాను. అది అబద్ధం కాదు.

"అయితే ఇంకేం, మీరే పెట్టండి" అని ఆ కూర నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అప్పుడు తలుపు మీది పేరు సరిగ్గా చూశాను. ఇంటిపేరుకు ముందు నీ పేరు లేదు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. కాని మీ బాబాయి సంగతి నీకు తెలియనిదా? పరాయి ఇంట్లో పడుకున్నామని తెలిస్తే సిగ్గుతో ఆ పూట రైలుకే నన్ను లాక్కొచ్చేవాడు. పెళ్ళయినప్పటి నుంచి ఏ వేసవికి ఆ వేసవి ప్రయాణం అనుకోవడం, ఏదో ఒక ఆవు ఈనడం. తీరా వచ్చాక, అప్పటికి ఇంకా రేవు కూడా చూడలేదు. అందుకని నోరు మూసుకున్నాను. ఇల్లు కడిగి, మేజోళ్ళు కుట్టి, ఉన్నందుకు చెల్లు వేశాననుకున్నాను. నీ ఉంగరం దాకా వస్తుందని అనుకోలేదు. కోపమంతా నా మీద పెట్టుకోమని ఎల్సెకు చెప్పు.

రిగ్మోర్‌కు అంతా రాశాను. జవాబు నిన్న వచ్చింది. ఓడ దిగి ఇంటికొస్తే కుళాయి కారడం లేదట, తలుపు మెత్తగా పడుతోందట. దొంగలు పడి ఇల్లు బాగుచేసి పోయారని పోలీసులతో చెబితే, మా ఇళ్ళకు కూడా పంపండి అన్నారట. గోడవైపు తిప్పిన ఆ బొమ్మ ఆవిడదేనట, వయసులో ఉన్నప్పుడు గీయించుకుందట. ఇల్లు మారిన సంగతి, ముఖ్యంగా ఈ బొమ్మ సంగతి, మీ బాబాయికి ఎప్పటికీ చెప్పకు.

ఇక నువ్వు ఆయనకు క్షమాపణ రాయాలి. అన్యాయమేనని నాకు తెలుసు. కాని పందికి అభయం అన్నాడే గాని, ఈ రోజుకీ దానికి మామూలు కంటే ఎక్కువే పెడుతున్నాడు. "బక్కచిక్కితే విందులో మన పరువేం కాను" అని తనలో తాను గొణుక్కుంటుంటే విన్నాను.

ఇట్లు,
ప్రేమతో
మీ పిన్ని

తా.క.: వచ్చే జులైలో కూడా రిగ్మోర్ ఓడ మీదే ఉంటుందట. తాళంచెవి అక్కడే పెడతాను, ఈసారి వారం ఉండండి అని రాసింది. మంచం పెద్దది కొంటుందట. నువ్వు మాత్రం దయచేసి స్టేషన్‌కు రావద్దు. అంతస్తులు మీ బాబాయినే లెక్కపెట్టుకోనివ్వు.