గోడ మీది ఇద్దరు

1976 సెప్టెంబర్ 6

నర్సంపేట రోడ్డు గోడ పూర్తయింది. ఫ్యామిలీ ప్లానింగ్ బొమ్మ: తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. కింద "ఇద్దరు చాలు". ఆఫీసు వాళ్ళిచ్చిన కాగితంలో మొహాలు పిండిముద్దల్లా ఉన్నాయి. నాకు తెలిసిన మొహమైతే తప్ప బ్రష్ కదలదు, ఏం చేయను? నా సామాను మోసే రిక్షా రాజమల్లును తండ్రిగా వేశాను. అతని భార్య యాకమ్మను తల్లిగా. పెళ్ళై మూడేళ్ళు, ఇంకా పిల్లలు లేరు. పిల్లలను ఎట్ల గీయాల్నో నువ్వే చెప్పమని యాకమ్మను అడిగాను. అన్నా, బిడ్డకు నా ముక్కు వద్దు, ఆయనది పెట్టు అన్నది. కొడుక్కు సొట్టబుగ్గ కావాలన్నది. పెట్టాను.

సెప్టెంబర్ 9

రాజమల్లు ప్రతి సవారీకీ అక్కడ రిక్షా ఆపి చూపిస్తున్నాడట. ఏందిరో, లీడర్‌వైనవా అని నవ్వుతున్నారట. నాకూ జర గర్వంగానే ఉంది.

సెప్టెంబర్ 21, మధ్యాహ్నం

రాజమల్లును జీపులో ఎత్తుకుపోయారు. ఫ్యామిలీ ప్లానింగ్ ఆపరేషన్ క్యాంపుకు కేసులు తక్కువ పడ్డాయట. నాకు ఒక్క పోరడు గూడ లేడు సారూ అని మొత్తుకున్నాడట. గోడ మీద ఉన్నది నువ్వు కాదా, ఇద్దరున్నరు గదా అన్నాడట క్యాంపు ఆఫీసర్.

నేను గీసిన బొమ్మే సాక్ష్యమైంది.

సాయంత్రం

ఆపరేషన్ అయిపోయింది.

సెప్టెంబర్ 24

దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచి రాజమల్లు అటు తిరిగే పడుకున్నాడు. వెళ్ళి కాళ్ళ మీద పడబోయాను. నీ తప్పేమున్నది సారంగపాణన్నా, మంచిగనే గీసినవ్ గదా అన్నాడు. తిట్టినా బాగుండేది. నా చేతులు పడిపోను. ఆ ఆఫీసర్‌ను ఒక్క మాట అనలేను, అంటే ఈ ఎమర్జెన్సీలో నన్నూ లోపలేస్తారు. థూ, ఏం బతుకు.

అక్టోబర్ 2

పొద్దున్నే సున్నం బకెట్‌తో పోయాను. ఆ పిల్లలిద్దరినీ తుడిచేయాలి. తల్లిదండ్రుల చేతులు ఖాళీగా కనపడాలి. క్యాంపు వాళ్ళు ఎవరిని కోశారో ఊరంతా చూడాలి. పట్టుకుంటే పట్టుకోనీ.

బ్రష్ ముంచానో లేదో, యాకమ్మ నా చెయ్యి పట్టుకుంది. రోజూ వచ్చి చూసి పోతోందట. అన్నా, పోరగాండ్లను ముట్టకు, తుడిస్తే మమ్ముల తుడువు అన్నది.

తుడిచాను. ముందు అక్షరాలు, తర్వాత రాజమల్లు, తర్వాత ఆమె. ఆమే బకెట్ అందించింది. పిల్లలకు అంటకుండా చుట్టూ సన్న బ్రష్‌తో వేసేసరికి ఎండెక్కింది.

అక్టోబర్ 5

జీపు చప్పుడైతే చాలు, లేచి నిలబడుతున్నాను.

అక్టోబర్ 11

ఆఫీసుకు పిలిచారు. బొమ్మ మళ్ళీ వేయమన్నారు. నాకు తెలిసిన మొహాలు అయిపోయాయి సార్ అన్నాను. ఇంకో ఆర్టిస్టును చూసుకుంటామన్నారు.

1977 ఫిబ్రవరి 27

ఆఫీసు వాళ్ళ కొత్త ఆర్టిస్టు ఇంతవరకూ రాలేదు. ఎలక్షన్లు. పార్టీ వాళ్ళు వచ్చి ఆ గోడ మీద వాళ్ళ ప్రచారం రాయమన్నారు. ఇద్దరు పోరగాండ్లే గదా, మిగిలిందంత ఖాళీ ఉన్నది అన్నారు.

ఖాళీ లేదన్నాను.